ఒకే మెట్టు, రెండు పేర్లు

వేములవాడ రాజన్న గుడిలో ఏటా త్యాగరాజ ఆరాధనోత్సవాలు జరుగుతాయి. త్యాగయ్య పంచరత్న కృతుల్లో మొదటిది నాట రాగంలో, నాలుగోది వరాళిలో ఉంటాయి. డబుల్ షార్ప్, డబుల్ ఫ్లాట్ గుర్తులు చూసి బెదిరే కీబోర్డు విద్యార్థులకు ఈ రెండు రాగాలు తెలిస్తే చాలు, భయం పోతుంది.

అపోహ: మెట్టు అదే అయినప్పుడు డబుల్ ఫ్లాట్ ఎందుకు? ఉత్త చాదస్తం.

వాస్తవం: సి మెట్టును షడ్జంగా పెట్టుకొని వరాళి వాయించండి. శుద్ధ రిషభం డి ఫ్లాట్. ఆ తర్వాతి శుద్ధ గాంధారానికి వేలు డి మీదే పడుతుంది. కానీ డి పేరును రిషభం తీసేసుకుంది. గాంధారానికి మిగిలింది ఇ. ఇ నుంచి రెండు మెట్లు, నల్లవీ తెల్లవీ కలిపి, కిందికి దిగితే డి వస్తుంది కనుక అది ఇ డబుల్ ఫ్లాట్. డి అని రాస్తే రాగంలో రెండు రిషభాలుండి గాంధారమే లేనట్టు కనిపిస్తుంది. మన కర్ణాటక సంగీత శాస్త్రం చేసిందీ ఇదే: 12 స్థానాలకు 16 పేర్లు. చతుశ్రుతి రిషభం, శుద్ధ గాంధారం ఒకే చోట ఉన్నా వేర్వేరు స్వరాలు. 17వ శతాబ్దంలో వేంకటమఖి చెప్పిన 72 మేళాలకు, అంటే మూల స్వరవరుసలకు, ఈ పద్ధతే ఆధారం.

అపోహ: డబుల్ షార్ప్ అంటే నల్ల మెట్టే.

వాస్తవం: చాలావరకు తెల్ల మెట్టు. మగవాళ్లు తరచూ పాడే ఒకటిన్నర శ్రుతిలో, అంటే సి షార్ప్ షడ్జంగా, నాట రాసి చూడండి. షట్‌శ్రుతి రిషభం డి డబుల్ షార్ప్ అవుతుంది, అంటే డి నుంచి రెండు మెట్లు పైకి; మోగేది ఇ మెట్టు. ఇ, బి స్వరాల డబుల్ షార్పులు మాత్రమే నల్ల మెట్లపై పడతాయి.

అపోహ: శుద్ధ గాంధారం, షట్‌శ్రుతి రిషభం లాంటి వివాది స్వరాలు పాడితే కీడు. వరాళిని గురువు నేరుగా నేర్పితే శిష్యుడితో చెడుతుంది.

వాస్తవం: 72 మేళాల్లో 40 వివాది మేళాలే. మంగళంపల్లి బాలమురళీకృష్ణ మొత్తం 72లోనూ కృతులు రచించి, 86 ఏళ్లు నిండుగా బతికారు. ఈ భయంతో పిల్లలకు అంత అందమైన రాగాన్ని దూరం చేయడం అన్యాయం.

అపోహ: రెండు పేర్లున్నా నాదం ఎక్కడైనా ఒక్కటే.

వాస్తవం: ఆ మాట మెట్ల వాద్యాలకే చెల్లుతుంది. ఆదిలాబాద్ పరధాన్లు గోండుల కథలు వినిపించే కిక్రీ అనే తంత్రీ వాద్యానికి మెట్లుండవు, స్వరం ఎక్కడ నిలవాలో వేలే తేలుస్తుంది. గొంతూ అంతే. వరాళి గాంధారం పాడేటప్పుడు చతుశ్రుతి రిషభం కంటే కాస్త పైన పలుకుతుంది. హార్మోనియం ఆ తేడా చూపలేదు. అందుకే ముందు స్వరం పేరు పలుకుతూ పాడి, ఆ తర్వాతే మెట్టు నొక్కండి.