సముద్రము పాలైన నీరు

వరదకాలమున దవళేశ్వరము ఆనకట్ట చెంత నిలిచి చూచు రైతుల నోట తరచుగా ఒక మాట వినవచ్చుచుండును: "ఇంత నీరును సముద్రము పాలగుచున్నదే!" అని. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహము దిగువకు పోయినది. అట్టి వరదను చూచినవారికి ఈ విచారము కలుగుట సహజము. నిలుపదగిన నీటిని నిలుపుకొనవలసినదే. కాని సముద్రమును చేరిన నీరంతయు దండుగయని తలచుట జమ విడిచి ఖర్చు మాత్రమే వ్రాసిన లెక్కవంటిది.

ఆ నీరు మనకెక్కడినుండి వచ్చినది? గోదావరి త్ర్యంబకము వద్ద పుట్టి, సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించి సముద్రమున కలియుచున్నది. సూర్యుని వేడిమికి సముద్రమునుండి లేచిన ఆవిరియే నైరృతి ఋతుపవనములతో పడమటి కనుమలమీదను, బంగాళాఖాతపు వాయుగుండములతో నదీ పరీవాహక ప్రదేశమునందును వర్షించును. కాటను దొర 1852 లో ముగించిన ఆనకట్ట ఆ వర్షమును మన కాలువలకు మళ్లించినదే కాని పుట్టించినది కాదు. డెల్టాలోని సుమారు 10 లక్షల ఎకరముల పంట సముద్రమిచ్చిన అప్పుమీద పండుచున్నది. అప్పు తీర్చనివాని గతి సహకార సంఘ సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు.

నది తిరిగి చెల్లించునది నీరొక్కటియే కాదు, ఒండ్రుమట్టియును. మన డెల్టా వేలయేండ్లుగా ఆ మట్టి పేరుకొని ఏర్పడినదే. ఎగువ జలాశయములలో మట్టి నిలిచిపోవుటచే తీరమును చేరునది తగ్గినది. తీపినీటి ఒత్తిడి తగ్గినచోట ఉప్పునీరు మురుగుకాలువలగుండను, భూగర్భముగుండను చేలవైపునకు ఎక్కివచ్చును. మనవారు అంతగా కోరు పులసయు వరదనీటి కెదురీది సముద్రమునుండి నదిలోనికి వచ్చు చేపయే గదా!

సముద్రము లోకమున కంతటికి చేయు మేలు మఱియు గొప్పది. భూమిమీద ఏటేట పుట్టు ప్రాణవాయువులో సుమారు సగము, సముద్రమందలి కంటికి కానరాని నాచుజాతులే పుట్టించుచున్నవి. బొగ్గు, నూనెలు కాల్చుటవలన మనుష్యులు గాలిలోనికి విడుచు బొగ్గుపులుసు వాయువులో సుమారు నాలుగవ వంతును, అందువలన పెరిగిన వేడిమిలో నూటికి 90 వంతులను సముద్రమే మ్రింగుచున్నది. వేడెక్కిన నీరు ఉబ్బుటచేతను, మంచుగడ్డలు కరగుటచేతను 1901 మొదలు 2018 వఱకు సముద్రమట్టము సుమారు 20 సెంటీమీటర్లు, అనగా రమారమి జానెడు పెరిగినది. పల్లపుభూముల రైతునకు జానెడు నీరనగా ఎంతయో తెలియును.

ఆ నీటికిని మన భూములకును నడుమ నిలిచిన కంచె కోరంగి మడ అడవి. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన కోరంగి రేవును ధ్వంసము చేసెను. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమను తాకి సుమారు వేయిమందిని బలిగొని, కొబ్బరితోటలను నేలకూల్చెను. మడచెట్లు తుపానుగాలిని ఆపజాలవు; కాని వేళ్లు అల్లుకొని అలల ఉరవడిని తగ్గించును, మట్టిని పట్టియుంచును. రొయ్య, పీత, పండుగొప్ప పిల్లలు పెరుగునది వాని నీడనే. 1978 లో ప్రభుత్వము వారు ఈ అడవిని అభయారణ్యముగా ప్రకటించిరి.

చెట్లు నరికినచోట నేల కుంగి, పోటునీరు నిలిచి యిగిరి, ఉప్పు పేరుకొని మొలక లేవకుండెను. 1996 తరువాత స్వామినాథన్ పరిశోధనా సంస్థయు, అటవీశాఖయు, గ్రామస్థుల సంఘములును కలిసి చేపముల్లు ఆకారమున కాలువలు త్రవ్వించి, పోటుపాటులకు దారి కల్పించి, ఉప్పు కడుగబడగా మొక్కలు నాటించిరి. కాలువ త్రవ్వి చౌడును కడుగుట రైతెఱిగిన విద్యయే. ఒక్కరివలన కానిది సంఘమువలన నైనది.

ఆ సంవత్సరమే డిసెంబరు 11 న సుప్రీముకోర్టు, సేద్యపు భూములను, మడ అడవులను రొయ్యల చెఱువులుగా మార్చరాదని తీర్పు చెప్పెను. వరిచేల నడుమ ఉప్పునీటి చెఱువు త్రవ్వినవానికి రెండుమూడేండ్లు లాభము రావచ్చును. ఊటదిగిన ఉప్పు మాత్రము పొరుగువాని చేనిలో నిలుచును. కౌలు సొమ్ము ఒకనిది, నష్టము పదిమందిది. ఇట్టి సంగతి ఒక్కరి సొంత వ్యవహారమని ఊరకుండరాదు.

సోదర రైతులారా! పురుగుమందు డబ్బాలను మురుగుకాలువలో పారవేయకుడు. ఆ కాలువ కొస సముద్రమే. అవసరమునకు మించి చల్లిన యూరియా అచ్చటికే చేరి నాచును ప్రబలజేసి, అది కుళ్లినప్పుడు చేపలకు ప్రాణవాయువు లేకుండ జేయును. మడకట్టెను వంటచెఱకుగా కొనకుడు. మురుగుకాలువల పూడికతీతను, ఉప్పునీటి చెఱువుల సంగతిని రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చకు తెండు. సముద్రము మనకిచ్చిన అప్పునకు పత్రము లేదు, జామీను లేదు. అందుచేతనే దానిని మఱింత నిజాయితీతో తీర్పవలసియున్నది.