మన బిడ్డలు ఎవరి మధ్య ఉంటున్నారు?

రెండవ రాజుల గ్రంథము 6వ అధ్యాయంలో ఒక చిన్న సంగతి ఉంది. ప్రవక్తల శిష్యులు ఎలీషా దగ్గరకు వచ్చి, తాముంటున్న స్థలం ఇరుకైపోయిందనీ, యొర్దాను దగ్గర మ్రానులు కొట్టి మరొక నివాసం కట్టుకుంటామనీ చెప్పారు. ఆయన సరే వెళ్లమన్నాడు. వారిలో ఒకడు మాత్రం అంతటితో ఊరుకోక, తమతోకూడ రమ్మని ఆయనను బతిమాలాడు. ఎలీషా వెళ్లాడు. మ్రాను నరుకుతుండగా గొడ్డలి ఊడి నీళ్లలో పడింది. అది ఎరవు తెచ్చిన గొడ్డలి. శిష్యుడు కేక వేసేసరికి గురువు ఎక్కడో దూరాన లేడు, పక్కనే ఉన్నాడు.

గొడ్డలి నీటిపై తేలిన అద్భుతం గురించి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఆ అద్భుతం జరిగింది శిష్యులు తమకు వసతి కట్టుకునే చోట అన్న సంగతి మాత్రం అంతగా గమనించం.

ఏటా జూన్ వచ్చేసరికి మన పల్లెల నుండి పిల్లలు పెట్టె, దుప్పటి, పచ్చడి సీసా సర్దుకొని హాస్టళ్లకు బయలుదేరుతారు. ఫీజు ఎంత, భోజనం ఎలా ఉంటుంది, పోయిన ఏడు ఎన్ని ర్యాంకులు వచ్చాయి అని అడుగుతాం. అక్కడ మన బిడ్డ ఎవరి మధ్య ఉంటాడు, రాత్రి ఎవరితో మాట్లాడతాడు అని అడిగేవారు కొద్దిమందే. అమెరికా విశ్వవిద్యాలయాలలో కొందరు ఈ ప్రశ్నను పట్టుకొని దాదాపు వందేళ్లుగా పనిచేస్తున్నారు. వారి అనుభవం మనకు పనికివస్తుంది.

ఒకే కప్పు క్రింద

వేలమంది చదివే చోట పద్దెనిమిదేళ్ల పిల్లవాడు జనం మధ్య ఉండికూడా ఒంటరివాడైపోతాడు. తరగతిలో పక్కన కూర్చున్నవాడి పేరు తెలియదు. గదిలో ఉన్నవాడి చదువు వేరు. దీనికి విరుగుడుగా వచ్చినవే 'లివింగ్ లెర్నింగ్ కమ్యూనిటీలు', అంటే కలిసి నివసిస్తూ కలిసి నేర్చుకునే సహవాసాలు.

పద్ధతి కష్టమైనదేమీ కాదు. వసతి గృహంలో ఒక భవనాన్నో, ఒక అంతస్తునో ఒక అంశానికి కేటాయిస్తారు. అది ఇంజనీరింగు కావచ్చు, పర్యావరణం కావచ్చు, ఒక విదేశీ భాష కావచ్చు, సంగీతం లేక సమాజసేవ కావచ్చు. విద్యార్థి తనకు ఇష్టమైనదానికి దరఖాస్తు చేసుకుంటాడు. సాధారణంగా అక్కడివారు ఒకటి రెండు పాఠాలు కలిసి చదువుతారు. ఆ గృహాన్ని కనిపెట్టుకొని ఉండే అధ్యాపకులుంటారు. వారు వచ్చి పిల్లలతో కూర్చుని భోజనం చేస్తారు. కొన్నిచోట్ల అదే భవనంలో కాపురముంటారు. పై తరగతి విద్యార్థి ఒకరు అన్నలాగానో అక్కలాగానో ఉండి, ఇంటి మీద బెంగ పెట్టుకున్నవారిని పలకరిస్తారు. పగలు తరగతిలో అర్థంకాని లెక్క రాత్రి భోజనాల బల్ల దగ్గర అర్థమవుతుంది.

సరస్సు ఒడ్డున ఐదేళ్లు

గురుశిష్యులు ఒకే ప్రాంగణంలో ఉండడం ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో శతాబ్దాల నాటి ఆచారం. అమెరికాలో దానిని కొత్త రీతిలో పరీక్షించి చూసినవాడు అలెగ్జాండర్ మైకిల్‌జాన్ అనే తత్వశాస్త్ర అధ్యాపకుడు. ఆయన 1927లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 'ఎక్స్‌పెరిమెంటల్ కాలేజి'ని ప్రారంభించాడు. 119 మంది యువకులు మెండోటా సరస్సు ఒడ్డున ఆడమ్స్ హాలులో చేరారు. చదువు చెప్పేవారి గదులు కూడ అక్కడే.

మొదటి సంవత్సరమంతా అందరికీ ఒకటే పాఠం: క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు ఏథెన్సు నగర జీవితం. రెండవ సంవత్సరం తమ సొంత దేశమైన అమెరికా నాగరికత. మామూలు పరీక్షలు, మార్కులు లేవు. చదివినదాని గురించి వ్రాయడం, గురువు ఎదుట కూర్చుని మాట్లాడడం, తోటివారితో వాదించడం, ఇదే చదువు. ఇంకొక మంచి పని కూడ పెట్టారు. ప్రతి విద్యార్థి తాను పెరిగిన ప్రాంతాన్ని పరిశీలించి, అక్కడి మనుషులు ఎలా బ్రతుకుతున్నారో వివరంగా వ్రాయాలి. పట్నం వెళ్లి చదువుకున్న బిడ్డ తన పల్లెను చిన్నచూపు చూడడం మనం ఎరిగినదే. అక్కడ చదువే బిడ్డను తిరిగి తన ఊరి వైపు నడిపించింది.

అయితే ఆ గృహం ఐదేళ్లే నిలిచింది. స్వేచ్ఛ ఎక్కువై క్రమం తక్కువైందని విమర్శలు వచ్చాయి. విశ్వవిద్యాలయంలోని ఇతర అధ్యాపకులలో చాలామందికి అది నచ్చలేదు. ఆ రాష్ట్రపు తల్లిదండ్రులు తమ కుమారులను పంపడానికి వెనుకాడారు. అంతలో దేశాన్ని ఆర్థిక మాంద్యం ముంచెత్తింది. విద్యార్థుల సంఖ్య తగ్గిపోయి, 1932లో దానిని మూసివేశారు. ఎంత గొప్ప ఆలోచనైనా, ఇరుగుపొరుగువారి నమ్మకం సంపాదించకపోతే నిలవడం కష్టం. సంఘంలో పనిచేసేవారికి ఈ సంగతి కొత్త కాదు.

గృహం మూతబడింది గాని విత్తనం చావలేదు. 1967లో మిచిగన్ విశ్వవిద్యాలయం 'రెసిడెన్షియల్ కాలేజి'ని తెరిచింది. అక్కడ తరగతి గదులు, అధ్యాపకుల గదులు, భోజనశాల, పడకగదులు అన్నీ ఒకే భవనంలో. అదే విశ్వవిద్యాలయంలో 1993లో విజ్ఞానశాస్త్రం, ఇంజనీరింగు చదివే ఆడపిల్లల కోసం ఒక సహవాసం మొదలైంది. తరగతి నిండా అబ్బాయిలుండి, తాము కొద్దిమందే అయినప్పుడు ఆడపిల్లకు ధైర్యం తగ్గుతుంది. సాయంత్రం గదికి వచ్చేసరికి అదే పుస్తకం పట్టుకొని మరి పదిమంది అక్కచెల్లెళ్లు కనిపిస్తే ఆ ధైర్యం తిరిగి వస్తుంది.

గోడా? తలుపా?

ఈ పద్ధతిలో ఒక చిక్కు కూడ ఉంది. 1972లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో 'ఉజామా' అనే గృహం ఏర్పడింది. స్వాహిలీ భాషలో ఆ మాటకు కుటుంబ భావం అని అర్థం. నల్లజాతివారి చరిత్ర, సంస్కృతి దాని అంశం. తెల్లవారే ఎక్కువగా ఉన్నచోట ఆ పిల్లలకు అది సొంత ఇల్లయింది. కాని ఇలా వేరుగా ఉంటే కలిసి బ్రతకడం ఎప్పుడు నేర్చుకుంటారని కొందరు తప్పుపట్టారు. అందులో ఎవరైనా చేరవచ్చని విశ్వవిద్యాలయం జవాబు చెప్పింది. రెండు మాటలలోనూ సత్యముంది. ఇల్లన్నాక గోడ ఉండాలి, తలుపూ ఉండాలి.

మన తెలుగు పిల్లలు అమెరికా వెళ్లేది ఎక్కువగా పై చదువులకు. అప్పు చేసి వెళ్లినవారు ఖర్చు తగ్గించుకోవడానికి నలుగురైదుగురు కలిసి బయట అద్దెకుంటారు. పప్పుచారు, తెలుగు మాట, ఒకరికొకరు సాయం, ఇవన్నీ మేలే. అయితే రెండేళ్లు గడిచినా మరొక దేశస్థుడితో ఒక్క పూట భోజనం చేయకపోతే, అంత దూరం వెళ్లి చూసినదేమిటి? అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయంలోని అంతియొకయ సంఘాన్ని జ్ఞాపకం చేసుకోండి. బర్నబా, నీగెరనబడిన సుమెయోను, కురేనీయుడైన లూకియ, హేరోదు ఇంట పెరిగిన మనయేను, సౌలు. ఎక్కడెక్కడివారో! వీరు కలిసి ఉపవాసముండి ప్రార్థించినచోట నుండే సువార్త దూరదేశాలకు బయలుదేరింది.

మన సంగతి ఏమిటి?

మిషను బోర్డింగులో పెరిగిన మన తాతలకు ఈ పద్ధతి కొత్త కాదు. ఉదయ సాయంకాల ప్రార్థనలు, తోటపని, ఒకే పంక్తిలో భోజనం, అదే ఆవరణలో వార్డెను కాపురం. అక్కడ బెత్తమూ ఉండేది, ఆకలీ ఉండేది. అయినా ఎవరి బిడ్డ ముఖం వాడిపోయిందో చూసే కన్ను ఒకటి ఉండేది.

ఈనాటి కళాశాలల హాస్టళ్లు అనేకం రాత్రింబగళ్లు చదువు చెబుతున్నాయి. అక్కడ కూడ పిల్లలు కలిసే ఉంటారు, కలిసే చదువుతారు. కాని ర్యాంకు ఒక్కటే గురి అయినచోట పక్క మంచం మీది స్నేహితుడు పోటీదారుడైపోతాడు. ఒత్తిడి తాళలేక ప్రాణం తీసుకున్న పిల్లల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఆ రాత్రి పక్కనే ఎవరైనా ఉండి ఒక్క మాట పలకరించి ఉంటే అని గుండె తరుక్కుపోతుంది.

తల్లిదండ్రులారా, హాస్టలులో చేర్పించే ముందు ఇవి కూడ అడగండి. రాత్రివేళ పిల్లలతో ఉండే పెద్ద ఎవరు? ఆయనకు పిల్లల పేర్లు తెలుసా? భోజనం దగ్గర మాట్లాడుకోవడానికి వేళ ఉంటుందా? మార్కులు తగ్గిన బిడ్డతో ఎలా మాట్లాడతారు? ఆదివారం ఆరాధనకు పంపుతారా? సంఘాలు కూడ చేయగలిగినది ఉంది. పట్నంలోని దేవాలయంలో వారం పొడవునా తాళం వేసి ఉండే గది ఒకటి ఉంటుంది. సాయంత్రం రెండు గంటలు దీపం వెలిగించి, ఒక రిటైర్డు మాస్టారిని కూర్చోబెడితే, పల్లె నుండి వచ్చిన పిల్లలకు అదే యొర్దాను ఒడ్డున ఇల్లవుతుంది. నెలకొకసారి ఒక్కొక్క కుటుంబం ఇద్దరు పిల్లలను భోజనానికి పిలిస్తే ఖర్చు ఎంతో కాదు.

దానియేలు బబులోనులో మూడేళ్ల చదువుకు ఒంటరిగా కూర్చోలేదు. హనన్యా, మిషాయేలు, అజర్యా తోడున్నారు. ఒకే నియమంతో భోజనానికి కూర్చున్నారు, ఒకే విద్య నేర్చుకున్నారు. తరువాత రాజు ఆజ్ఞవలన ప్రాణాపాయం వచ్చిన రోజున దానియేలు ఇంటికి వెళ్లి చెప్పుకున్నది ఆ ముగ్గురితోనే. ఆ రాత్రి వారు కలిసి దేవుని కనికరం వేడుకున్నారు.

అటువంటి రాత్రి మన బిడ్డలకూ వస్తుంది. చేతిలోని గొడ్డలి నీళ్లలో పడినట్లు అనిపించే రాత్రి. ఆ వేళ కేక వినేంత దగ్గరలో ఒకరు ఉండేలా చూడడం మన బాధ్యత. ప్రభువు మన బిడ్డలకు మంచి సహవాసమును దయచేయును గాక!