నాటేవారు వేలు, నీళ్లు పోసేవారు పదిమంది
నగరాల్లో ఖాళీ స్థలాలను పచ్చగా మార్చాలని నడుం కట్టిన స్వచ్ఛంద కార్యకర్తలకు అసలు పరీక్ష మొక్క నాటిన మర్నాడే మొదలవుతుంది

తొలకరి పడగానే దేశమంతటా మొక్కల జాతర మొదలవుతుంది. మంత్రులు పలుగు పట్టుకుంటారు. బడిపిల్లలు వరుస కడతారు. కంపెనీ పేరు ముద్రించిన టీషర్టుల్లో ఉద్యోగులు బస్సులు దిగుతారు. సాయంత్రానికి లెక్క తేలుతుంది. 2016 జూలై 11న ఉత్తరప్రదేశ్ 24 గంటల్లో దాదాపు 5 కోట్ల మొక్కలు నాటి గిన్నిస్ రికార్డు కొట్టింది. ఏడాది తిరక్కుండానే, 2017 జూలై 2న, 12 గంటల్లోనే 6 కోట్లకు పైగా నాటామని మధ్యప్రదేశ్ ప్రకటించింది.

రికార్డు పుస్తకాలకు కావలసింది తవ్విన గుంతల లెక్క. మూడో వేసవి దాటిన చెట్లెన్నో వాటికి పట్టదు. ఆ రెండో లెక్క తీసినప్పుడు వచ్చే సమాధానం తరచూ ఇబ్బంది పెడుతుంది. హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా జిల్లాలో దశాబ్దాలుగా సాగిన ప్లాంటేషన్లను పరిశీలించిన ఓ అధ్యయనం 2021లో 'నేచర్ సస్టైనబిలిటీ' పత్రికలో వెలువడింది. ఇంత నాటినా అడవి కప్పు చెప్పుకోదగ్గట్టు పెరగలేదని, స్థానికులకు పనికొచ్చే వెడల్పాకు చెట్ల వాటా మాత్రం తగ్గిందని అది తేల్చింది. డబ్బు ఖర్చయింది, శ్రమా ఖర్చయింది. నీడ మాత్రం రాలేదు.

అలాగని నాటడమే వృథా అనుకుంటే పొరపాటే. ఢిల్లీ శివార్లలోని గుర్గావ్ అందుకు సాక్ష్యం.

క్వారీ నుంచి కాననం

నగర సరిహద్దులో, ఎంజీ రోడ్డుకు ఆనుకుని, ఆరావళి కొండల్లో 380 ఎకరాల పైచిలుకు నేల ఉంది. ఒకప్పుడు అక్కడ రాతి క్వారీలు, క్రషర్లు నడిచాయి. తవ్వకాలు ఆగాక మిగిలింది గుంతలు, రాళ్ల గుట్టలు, వాటి మధ్య ముళ్ల కంప. ఆ కంప విలాయతీ కీకర్. తెలుగువారికి సర్కారు తుమ్మగా బాగా తెలిసిన మొక్కే. మెక్సికో, దక్షిణ అమెరికా నుంచి వచ్చి, తన కింద మరే మొక్కనూ ఎదగనివ్వకుండా ఆక్రమించుకునే రకం.

2009లో కొందరు నగరవాసులు 'ఐయామ్‌గుర్గావ్' అనే సంస్థగా ఏర్పడ్డారు. బ్యాంకు ఉద్యోగం వదిలి వచ్చిన లతికా తుక్రాల్ వారిలో ఒకరు. మున్సిపల్ కార్పొరేషన్‌తో కలిసి 2010లో ఈ నేలపై పని మొదలైంది. దానికి దారి చూపింది పర్యావరణ పునరుద్ధరణ నిపుణుడు విజయ్ ధస్మానా. ఆయన ముందుపెట్టిన ప్రశ్న చాలా సాదాసీదాది. మనిషి చెయ్యి పడకముందు ఇక్కడ ఏ చెట్లుండేవి?

సమాధానం కోసం దూరం వెళ్లనక్కర్లేదు. గుర్గావ్, ఫరీదాబాద్‌ల మధ్య మాంగర్ బనీ ఉంది. గుడారియా దాస్ బాబా పేరిట గుజ్జర్ల పల్లెలు తరతరాలుగా కొమ్మ విరవకుండా కాపాడుకున్న దేవుడి అడవి అది. అక్కడ ధౌ చెట్లు కొండంతా పరచుకుని ఉంటాయి. అలాంటి చోట్ల నుంచి, రాజస్థాన్ ఆరావళి అడవుల నుంచి విత్తనాలు సేకరించి సొంత నర్సరీలో పెంచారు. ధౌ, మోదుగ, సాంబ్రాణి జాతికి చెందిన అందుగు వంటివి బజారు నర్సరీల్లో దొరికే రకాలు కావు. గుల్‌మొహర్, యూకలిప్టస్ కొని తెచ్చి నాటితే ఫొటోకు సరిపోయేది, రాతి నేలకు సరిపోయేది కాదు.

వానాకాలం వస్తే స్కూళ్లు, కార్పొరేట్ కంపెనీలు, కాలనీల వాళ్లు తరలివచ్చేవారు. నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలన్న కంపెనీల చట్టం నిబంధన 2014 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలకు వర్తించడంతో ఇలాంటి పనులకు దేశమంతటా నిధుల దారి సుగమమైంది. కానీ నాటిన రోజు తర్వాతే పని బరువు తెలిసేది. ఎండ 45 డిగ్రీలు తాకే చోట మొదటి రెండు మూడేళ్లు నీళ్లందాలి. సర్కారు తుమ్మ మళ్లీ మొలిస్తే పీకాలి. మేకలు, ఆవులు రాకుండా చూడాలి. ఎండుగడ్డికి నిప్పు పడకుండా కాపలా ఉండాలి. ఈ పనులకు బ్యానర్లుండవు.

ఫలితం కళ్లముందుంది. సుమారు 300 రకాల స్థానిక మొక్కలు, లక్షకు పైగా చెట్లు. వాటి వెంట పక్షులు, సీతాకోకచిలుకలు, నక్కలు. 2022 ఫిబ్రవరి 2న ఆరావళి బయోడైవర్సిటీ పార్కును దేశంలో మొట్టమొదటి 'ఓఈసీఎం' ప్రాంతంగా ప్రకటించారు. అభయారణ్యాల జాబితాలో లేకపోయినా జీవవైవిధ్యాన్ని నిజంగానే కాపాడుతున్న చోటికి దక్కే అంతర్జాతీయ గుర్తింపు అది.

నేల ఎవరిది?

గుర్తింపు వేరు, హక్కు వేరు. ఈ పార్కు కథలోనే ఆ తేడా బయటపడింది. ఎనిమిదేళ్లు పెంచాక, 2018లో పార్కు గుండా రహదారి వేయాలన్న ప్రతిపాదన వచ్చింది. మొక్కలు నాటిన చేతులే ప్లకార్డులు పట్టుకున్నాయి. అడవి నిలిచింది. తర్వాత 2021లో నిర్వహణ బాధ్యతపై కార్పొరేషన్ ఒక పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకుంది. దశాబ్దం పాటు పార్కును పెంచిన బృందం పక్కకు జరగాల్సి వచ్చింది. కార్పొరేషన్‌కు అందులో చట్టపరమైన అధికారం ఉంది. ఓఈసీఎం ముద్రకు అభయారణ్యానికి ఉండే చట్టబలం లేదు. స్వచ్ఛందంగా చాకిరీ చేసినవారి చేతిలో ఏ కాగితమూ లేదు.

ఇది భారత నగరాల సమస్య మాత్రమే కాదు. న్యూయార్క్‌లో 1970లలో పాడుబడ్డ స్థలాలను కాలనీవాసులు తోటలుగా మార్చారు. 1999లో నగర ప్రభుత్వం వందకు పైగా తోటలను వేలానికి పెట్టింది. నటి, గాయని బెట్ మిడ్లర్ స్థాపించిన సంస్థ, మరో భూ ట్రస్టు కలిసి డబ్బు పెట్టి కొంటేగానీ అవి మిగల్లేదు.

బెంగళూరు జేపీ నగర్‌లోని పుట్టెనహళ్లి చెరువు మరో దారి చూపింది. 13 ఎకరాల ఆ చిన్న చెరువు ఎండి, చెత్తకుప్పగా మారుతుంటే రచయిత్రి ఉషా రాజగోపాలన్, ఇరుగుపొరుగువారు 2010లో ట్రస్టుగా ఏర్పడ్డారు. మరుసటి ఏడాది నగరపాలక సంస్థతో నిర్వహణ ఒప్పందం రాసుకున్నారు. గట్టుపై చెట్లు నాటారు, నీళ్లలో కలుపు తీయించారు. వాననీటి దారులు మూసుకుపోయిన చోట, పక్కనున్న అపార్ట్‌మెంట్ సముదాయంలో శుద్ధి చేసిన నీటిని చెరువుకు మళ్లించే ఏర్పాటు చేయించారు. ముందే ఒప్పందం రాసుకోవడం వల్ల ఎవరి పని ఏమిటన్నది తేలింది.

మేడ మీద మడి

నేల దొరకని ముంబైలో కథ మేడెక్కింది. ముంబై పోర్ట్ ట్రస్ట్ ఉద్యోగుల వంటశాల బాధ్యతలు చూసే ప్రీతి పాటిల్‌కు 2000ల ఆరంభంలో ఎదురైన చిక్కు వంటింటి చెత్త. రోజూ పోగయ్యే కూరగాయల తొక్కును ఏం చేయాలి? దాన్ని కంపోస్టుగా మార్చి, వంటశాల మేడపైనే మొక్కలు పెంచడం మొదలైంది. మట్టి బరువుకు మేడ కుంగకుండా ఎండుటాకులు, చెరకు పిప్పి వాడారు. దీపక్ సుచ్‌దే ప్రచారంలోకి తెచ్చిన 'అమృత్ మిట్టీ' పద్ధతి తోడైంది. ఎండుటాకులను పేడ, గోమూత్రం, బెల్లం కలిపిన నీళ్లలో నానబెట్టి, నెలల తరబడి మాగనిచ్చి తయారుచేసే మట్టి అది. ఆ అనుభవంతోనే 2009లో 'అర్బన్ లీవ్స్' అనే స్వచ్ఛంద బృందం పుట్టింది. వారాంతాల్లో ఎవరైనా వచ్చి ఆకులు తొక్కవచ్చు, పాదులు చేయవచ్చు. పంటకన్నా ముందు పని నేర్పడం దాని పద్ధతి.

హైదరాబాద్‌లో ఈ పనికి పేరు తెలుగులోనే ఉంది, మిద్దెతోట. కథారచయిత తుమ్మేటి రఘోత్తమ రెడ్డి తన ఇంటి మిద్దె మీద కూరగాయలు పండించి, ఆ అనుభవాన్ని రాతల ద్వారా పంచుకోవడంతో వేలమందికి ఆ మాట అలవాటైంది. విత్తనాలు ఇచ్చిపుచ్చుకోవడం, నారు పంచుకోవడం కాలనీల్లో మామూలైంది. మిద్దె సొంతమైతే రోడ్డు వస్తుందన్న భయం లేదు. కానీ అద్దె ఇళ్ల వారికి, బస్తీల వారికి మిద్దె ఎక్కడిది? వారికి ఉమ్మడి స్థలమే దిక్కు.

బతికినవాటికే లెక్క

తెలంగాణ ప్రభుత్వం 2015లో 230 కోట్ల మొక్కల లక్ష్యంతో హరితహారం మొదలుపెట్టింది. అంకె భారీదే. కానీ అంతకన్నా గమనించదగ్గది 2018 పంచాయతీరాజ్ చట్టంలోని ఒక నిబంధన. గ్రామంలో నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతకాలి, లేకుంటే సర్పంచ్, కార్యదర్శి జవాబు చెప్పుకోవాలి. అమలులో లోటుపాట్లు ఎన్నున్నా, లెక్కపెట్టాల్సింది ఏమిటో చట్టమే చెప్పడం అరుదు.

చిన్న స్థలంలో దట్టంగా నాటే జపాన్ వృక్షశాస్త్రవేత్త అకీరా మియావాకీ పద్ధతి తెలంగాణలో 'యాదాద్రి మోడల్'గా వ్యాపించింది. 2011లో శుభేందు శర్మ టొయోటా ఉద్యోగం మాని 'అఫారెస్ట్' సంస్థ పెట్టడంతో దేశంలో దీనికి ఊపొచ్చింది. చదరపు మీటరుకు మూడు నుంచి ఐదు మొక్కలు, రెండు మూడేళ్ల నీళ్లు, ఆపైన అడవి తన దారి తాను చూసుకుంటుంది. వాహనాల పొగ మధ్య కాస్త పచ్చదనానికి ఇది పనికొస్తుంది. కానీ గడ్డి మైదానాల్లో, బండల నేలల్లో దట్టమైన అడవిని బలవంతంగా మొలిపించడం అక్కడి సహజ జీవాన్ని చెరపడమేనని పర్యావరణవేత్తలు హెచ్చరిస్తున్నారు. ఖాళీగా కనిపించే నేలంతా ఖాళీ కాదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్ని ఆనుకున్న కంచ గచ్చిబౌలిలో సుమారు 400 ఎకరాల వివాదం ఆ సంగతే గుర్తుచేసింది. విద్యార్థులు రోడ్డెక్కాక, 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు అక్కడ చెట్ల నరికివేతను ఆపించింది. ఎవరూ నాటకుండానే పెరిగిన పొదల అడవిని కాపాడటమూ స్వచ్ఛంద సేవేనని ఆ వివాదం చాటింది.

కాబట్టి ఈ వర్షాకాలం మొక్క పట్టుకుని బయల్దేరే ఔత్సాహికులు ముందుగా నాలుగు సంగతులు ఆరా తీయడం మేలు. నేల ఎవరి పేరున ఉంది, ఒప్పందం ఎన్నేళ్లకు? మొక్క ఈ నేలదేనా? వేసవిలో నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి? వాటిని ఎవరు పోస్తారు? నాలుగింటికీ సమాధానం దొరికిన చోట ఒక్క మనిషి శ్రమ కూడా వృథా పోదు. దొరకని చోట వెయ్యి మంది నాటినా మిగిలేది ఫొటోలే. జూలైలో చేతులకు కొదవ లేదు. తోటకు కావలసింది మే నెలలో వచ్చేవారు.