హాబీ అడిగితే తడబడొద్దు!

ఇంటర్వ్యూలో హాబీ ఏంటని అడిగితే ‘పాటలు వినడం’ అనేసి ఊరుకుంటున్నారా? ‘ఏం పాటలు? ఎందుకిష్టం?’ అని తర్వాతి ప్రశ్న వస్తే చాలామంది అక్కడే ఆగిపోతారు. జాజ్ రికార్డులు ఓసారి ప్రయత్నించండి.

కోనసీమ వాళ్లకి దీని దారి ఏటి అవతలే ఉంది. రాజోలు వైపు నుంచి చించినాడ వంతెన దాటి వెళ్తే పాలకొల్లు. 1969లో మాండొలిన్ శ్రీనివాస్ పుట్టింది అక్కడే. ఆయన ‘రిమెంబర్ శక్తి’ బృందంలో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి వాయించారు. అదే 1969లో వచ్చిన మైల్స్ డేవిస్ రికార్డు ‘ఇన్ ఎ సైలెంట్ వే’లో గిటారు మెక్‌లాఫ్లిన్‌దే. అక్కడి నుంచి వెనక్కెళ్తే డేవిస్‌దే ‘కైండ్ ఆఫ్ బ్లూ’ (1959). మన కచేరీల్లో మనోధర్మం ఎలాగో, జాజ్‌లో అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించడం అలాగ.

డబ్బు పెట్టి ప్లేయర్ కొనక్కర్లేదు. ఎల్పీకి ఒక్కో వైపు 20 నిమిషాల పైచిలుకు పడుతుంది. ఫోన్‌లోనే ఆ వైపు మొత్తం వరసగా, మధ్యలో మార్చకుండా వినండి. ఎవరు ఏ వాయిద్యం వాయించారో రాసుకోండి.

ఇంట్లో అటక మీద పాత రికార్డులుంటే పారేయకండి. అంచులు పట్టుకుని తీయండి, నిలబెట్టి ఉంచండి. లేబుల్ మీది పేరు, కంపెనీ, నంబరు ఎక్సెల్‌లో ఎక్కించండి. లైబ్రరీల్లో, ఆర్కైవుల్లో కేటలాగింగ్ అంటే ఇలాంటి పనే.

వినకుండా మాత్రం రెజ్యూమెలో రాయకండి. ఒక్క రికార్డు గురించి రెండు నిమిషాలు తడుముకోకుండా చెప్పగలిగితే చాలు.