లూపు రాయాలంటే ముందు పనిని విప్పి చెప్పాలి

మెట్టుగూడ మెట్రో స్టేషన్‌లో రాయదుర్గం వైపు వెళ్లే రైలెక్కితే సికింద్రాబాద్ ఈస్ట్, పరేడ్ గ్రౌండ్, ప్యారడైజ్, రసూల్‌పురా, ప్రకాశ్‌నగర్, బేగంపేట దాటాక అమీర్‌పేట వస్తుంది. అక్కడ మైత్రీవనం చుట్టూ ఉన్న శిక్షణ సంస్థల్లో లైనక్స్ అడ్మినిస్ట్రేషన్, డెవాప్స్ కోర్సులకు చేరే యువతకు షెల్ స్క్రిప్టింగ్ తప్పని పాఠం, అందులో ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూపులు తప్పని అధ్యాయం. చాలా పుస్తకాల్లోనూ నోట్సుల్లోనూ ఆ అధ్యాయం ఒకటి నుంచి పది వరకు అంకెలు ప్రింట్ చేయడంతో మొదలై నక్షత్రాల పిరమిడ్‌తో ముగుస్తుంది. ఇంటర్వ్యూలో అడిగితే చెప్పడానికి అది చాలు. కానీ ఉద్యోగంలో చేరాక ఎవరూ పిరమిడ్లు అడగరు. లూపు వ్యాకరణం అరగంటలో వచ్చేస్తుంది. ఒక పనిని ఏ ముక్కలుగా విడగొట్టాలి, ఏ వరుసలో చేయాలి, మధ్యలో ఒకటి చెడితే ఏం చేయాలి అని తేల్చుకోవడమే అసలు విద్య. లూపు నేర్పే తీరు ఆ విద్య చుట్టూ తిరగాలన్నది నా వాదన.

షెల్ అంటే మనం టైపు చేసిన ఆజ్ఞను అందుకుని కంప్యూటర్ చేత చేయించే ప్రోగ్రాం. బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ 1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌తో బయటికొచ్చింది. ఇప్పుడు లైనక్స్‌లో ఎక్కువగా కనిపించే బ్యాష్‌ను బ్రయన్ ఫాక్స్ 1989లో విడుదల చేశాడు. లూపు రూపం మాత్రం అప్పటి నుంచీ పెద్దగా మారలేదు. ఫర్ అన్న మాట తర్వాత ఒక పేరు, ఇన్ తర్వాత జాబితా, డూ, డన్ అన్న రెండు మాటల మధ్య చేయాల్సిన పని. పైన చెప్పిన మెట్రో రైలు చేసేదీ ఇదే: స్టేషన్ల జాబితా ఒకటి, ప్రతి స్టేషన్‌లో తలుపులు తెరిచి మూసే పని ఒకటి. జాబితా పొడవు పెరిగినా పని వివరణ పెరగదు. జాబితా ఒక ఫైల్లో వరుసకొకటిగా ఉంటే వైల్, రీడ్ అన్న మాటలు కలిపి ఒక్కో వరుసా చదివించవచ్చు. ఏదైనా జరిగేదాకా ఆగి చూడాల్సి వస్తే అన్‌టిల్ ఉంది. వ్యాకరణం దాదాపు ఇంతే.

ఇప్పుడు నిజమైన పని ఒకటి తీసుకుందాం. పాత తెలుగు పుస్తకం స్కాన్ చేసిన 300 పుటలు బొమ్మల రూపంలో ఉన్నాయి. వాటిని వెతకడానికి, దిద్దడానికి వీలైన అక్షరాలుగా మార్చాలి. తెలుగు వికీసోర్స్ లాంటి చోట్ల పాత పుస్తకాల మీద పనిచేసే ఔత్సాహికులకు ఎదురయ్యే పనే ఇది. 1980లలో హ్యూలెట్ ప్యాకర్డ్‌లో పుట్టి, 2005లో అందరికీ ఉచితంగా తెరుచుకున్న టెసరాక్ట్ అనే ప్రోగ్రాం తెలుగు అక్షరాలను గుర్తిస్తుంది. ఒక పుటకు ఒక ఆజ్ఞ ఇస్తే ఒక టెక్స్ట్ ఫైలు వస్తుంది. మూడు వందల సార్లు టైపు చేయడానికి ఎవరూ పూనుకోరు, అక్కడ లూపు వస్తుంది. ఆ ఫోల్డర్‌లోని బొమ్మలన్నీ జాబితా, అక్షరాలు తీయడం పని. రాయడానికి నాలుగు వరుసలు.

కానీ అసలు పాఠం ఆ నాలుగు వరుసల తర్వాతే మొదలవుతుంది. ఫైళ్లకు 1, 2, 3 అని పేర్లు పెట్టి ఉంటే షెల్ వాటిని సంఖ్యల వరుసలో కాదు, నిఘంటువు వరుసలో తీసుకుంటుంది. ఒకటి తర్వాత పది, ఆ తర్వాత వంద వస్తాయి, రెండో పుట ఎక్కడో వెనకబడుతుంది. అన్నీ కలిపితే పుస్తకం తారుమారు. అందుకే 001, 002 అని సున్నాలు చేర్చి పేర్లు పెట్టాలి. పేరు మధ్యలో ఖాళీ ఉంటే మరో చిక్కు. ఆ పేరును ఆజ్ఞలో వాడేచోట కొటేషన్ గుర్తుల్లో పెట్టకపోతే బ్యాష్ దాన్ని రెండు ముక్కలు చేసి, లేని రెండు ఫైళ్ల కోసం వెతుకుతుంది. ఫోల్డర్‌లో బొమ్మలే లేకపోతే ఇంకా విచిత్రం: బొమ్మలన్నిటినీ సూచించడానికి నక్షత్రం గుర్తుతో రాసిన నమూనానే ఫైలు పేరనుకుని లూపు ఒకసారి తిరుగుతుంది. పదిహేడో పుట చెడిపోయి ఉంటే లూపు ఆగదు, పద్దెనిమిదికి వెళ్లిపోతుంది. చివర్లో అంతా సవ్యంగా ముగిసినట్టే కనిపిస్తుంది. ప్రతి ఆజ్ఞా ముగిశాక ఒక అంకె వదిలి వెళ్తుంది, సున్నా అయితే పని జరిగినట్టు. ఆ అంకెను చూసి, తప్పిన పుటల పేర్లను వేరే ఫైల్లో రాయించడం నేర్చినవాడికి లూపు వచ్చినట్టు. పిరమిడ్ వేయడంలో ఈ చిక్కుల్లో ఒక్కటీ ఎదురవదు.

అజాగ్రత్తకు ఎంత ఖరీదు ఉంటుందో 2015 జనవరిలో ప్రపంచం చూసింది. వాల్వ్ కంపెనీ వారి స్టీమ్ అనే ఆటల ప్రోగ్రాం లైనక్స్ వెర్షన్‌లో ఒక షెల్ స్క్రిప్టు ఉంది. స్టీమ్ ఫోల్డర్‌ను వేరే చోటికి మార్చినప్పుడు ఆ స్క్రిప్టులో ఫోల్డర్ పేరు ఉండాల్సిన చోట ఖాళీ మిగిలింది. దాంతో తుడిచివేత ఆజ్ఞ కంప్యూటర్ మూలం నుంచే మొదలై, వాడుకరి సొంత ఫైళ్లను కూడా తుడిచేసింది. అది లూపు కాదు, ఒకే ఒక్క ఆజ్ఞ. అలాంటి ఆజ్ఞను వేల సార్లు తిప్పగల శక్తి లూపుకుంది గనక భయం మరింత అవసరం. తుడిచే, పేరు మార్చే లూపు ఏదైనా ముందు ఎకో అన్న మాట తగిలించి, ఏం చేయబోతుందో తెర మీద చదువుకుని, ఆ తర్వాతే నడపాలి. ఈ అలవాటు మొదటి రోజే నేర్పాలి.

ఇంత శ్రమ ఎందుకు, పైథాన్ భాష నేర్చుకుంటే సరిపోదా అనేవారున్నారు. లెక్కలు, షరతులు ఎక్కువైన చోట పైథానే మంచిది, అందులో పేచీ లేదు. కానీ ఉన్న ప్రోగ్రాములను ఒకదాని తర్వాత ఒకటి పిలిపించే పనికి షెల్ దగ్గరి దారి, సర్వర్ మీద అది ముందే సిద్ధంగా ఉంటుంది. లూపే అక్కర్లేని సందర్భాలూ ఉన్నాయి. గ్రెప్ లాంటి ప్రోగ్రాములు ఒకే ఆజ్ఞతో వందల ఫైళ్లు వెతుకుతాయి. లక్ష వరుసల ఫైలును లూపుతో ఒక్కో వరుసా నమలడం కన్నా ఆక్ అనే ప్రోగ్రాంకు అప్పగిస్తే ఎన్నో రెట్లు త్వరగా అవుతుంది. ఎక్కడ లూపు వద్దో తెలియడం కూడా నేర్పులో భాగమే.

అంతకన్నా బలమైన అభ్యంతరం కృత్రిమ మేధను చూపి చేసేది. అడిగితే అదే రాసిస్తోంది కదా, ఇక నేర్చుకోవడమెందుకు? రాసిస్తుంది, చాలాసార్లు బాగానే రాస్తుంది. అయితే మీ పుటల పేర్లలో ఖాళీలున్నాయో లేదో, పదిహేడో పుట చెడితే ఆగాలో సాగాలో మీరు చెప్పకుండా దానికి తెలియదు. అడగాల్సింది ఏమిటో తెలిసినవాడే దాన్ని సరిగా అడగగలడు. వచ్చిన జవాబును చదివి, ఇది నా ఫైళ్ల మీద నడపవచ్చా అని తీర్పు చెప్పే బాధ్యత మీట నొక్కేవాడిదే.

ఇంగ్లిష్ రాని పిల్లలకు ఇది అందదన్న మాట కూడా నిలవదు. లూపు వ్యాకరణానికి గుర్తుంచుకోవాల్సిన ఇంగ్లిష్ మాటలు పది లోపే. ఫర్ తర్వాత వచ్చే పేరు లాంటి చలరాశుల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండాలి గానీ, ఫైళ్ల పేర్లు, వాటిలోని సంగతులు తెలుగులో ఉండవచ్చు. ల్యాప్‌టాప్ లేనివారికి ఆండ్రాయిడ్ ఫోన్లో టెర్మక్స్ అనే యాప్ ఉంది, విండోస్ ఉన్నవారు అందులోనే లైనక్స్ పెట్టుకోవచ్చు. శిక్షణ ఇచ్చేవారికి ఒక్క విన్నపం: వచ్చే బ్యాచ్‌కి పిరమిడ్ బదులు పేర్లు గజిబిజిగా ఉన్న ఒక నిజమైన ఫోల్డర్ ఇవ్వండి, అందులో కావాలనే రెండు మూడు చెడిపోయిన ఫైళ్లు ఉంచండి, తప్పినవాటి జాబితా తెచ్చి చూపమనండి.