ఒడలి బరువు - లేనిపోని నింద

పదునైదేండ్ల బాలిక ఏడాదిలో ఎనిమిది కిలోలు పెరిగినచో ఇంటివారు అన్నపు గిన్నెవంక చూతురు, తోడివారు నవ్వుదురు. మెడవెనుక చర్మము నల్లబడి దళసరియైనచో సున్నిపిండితో రుద్దుకొమ్మందురు. ఎంత రుద్దినను పోదు, ఏలయన అది మురికి కాదు. తరచుగా అది రక్తములో ఇన్సులిన్ హెచ్చియున్నదనుటకు గుర్తు.

దానితోపాటు నెలసరి తప్పుచు, గడ్డముపై వెండ్రుకలు మొలచుచున్నచో వైద్యులు పి.సి.ఓ.డి.ని అనుమానింతురు. 1935లో స్టెయిన్, లెవెంథాల్ అను షికాగో వైద్యులిద్దరు ఏడుగురు స్త్రీలను పరీక్షించి ఈ వ్యాధిని వర్ణించిరి. అండాశయములో నీటితిత్తులని పేరుపడినవి నిజమునకు తిత్తులు కావు. పక్వము గాక నడుమ నిలిచిపోయిన అండపు సంచులు.

తిన్న అన్నము చక్కెరయై రక్తములో చేరగా దానిని కండరములలోనికి పంపునది ఇన్సులిన్. ఈ వ్యాధిగల పెక్కుమందిలో కండరములు దాని మాట సరిగా వినవు. అందుచే క్లోమము మరింత ఇన్సులిన్‌ను స్రవించును. ఆ హెచ్చు ఇన్సులిన్ కొవ్వును కరుగనీయదు. అండాశయముచేత పురుష హార్మోనులను అధికముగా తయారుచేయించును. కొవ్వు పెరిగినకొలది ఇన్సులిన్ ఇంకను హెచ్చును. గానుగెద్దు తిరుగుడే! ఇక ఇందులో తిండిపోతుతనమను నింద కెక్కడ చోటు? సన్నని బాలికలకును ఈ వ్యాధి కలదు.

బరువులో నూటికి 5 మొదలు 10 వంతులు తగ్గినను పెక్కుమందికి నెలసరి కుదుటపడును. 70 కిలోల మనిషికి అది 3.5 మొదలు 7 కిలోలు మాత్రమే. ఇందుకు కడుపు మాడ్చుకొన నక్కరలేదు. 2023 నాటి అంతర్జాతీయ వైద్య మార్గదర్శకములు ఏ యొక్క ఆహారపద్ధతినీ తక్కినవానికంటె మిన్నయని చెప్పలేదు. కంచములో తెల్లన్నము కొంత తగ్గించి పప్పును, కూరను పెంచుట, సీసాల తీపిపానీయములు మానుట మన యిండ్లలో సాధ్యమే. బరువు తగ్గకున్నను వ్యాయామమువలన ఇన్సులిన్ పని మెరుగగును.

ఈ వయసువారికి దినమునకొక గంట వ్యాయామము కావలెనని వైద్యుల మాట. మన బడులలో తరచు జరుగునదేమి? పదవ తరగతి రాగానే డ్రిల్లు పీరియడు లెక్కల మాస్టారికి ధారాదత్తమగును! బాలికలకు అంతకు ముందే.

రజస్వలయై మూడేండ్లు గడచినను నెలసరి మాటిమాటికి 35 దినములు దాటుచున్నచో వైద్యునికి చూపవలెను. అవసరమైనచో మెట్‌ఫార్మిన్ వంటి మందు నాయన యిచ్చును. రజస్వలయైన ఎనిమిదేండ్లలోపల స్కానింగునుబట్టి వ్యాధిని నిర్ణయింపరాదు. బడిలో ఆరోగ్యపరీక్షనాడు బరువు తూచువారు ఆ అంకెను తరగతి వినునట్లు చదువక, కార్డుమీద వ్రాసి ఆ పిల్ల చేతికిచ్చిన చాలును.