గ్రీసు విశేషాలు, కోసిగి కళ్లతో

రెండో ముంబై అనిపించుకున్న ఆదోనిలో పత్తి సీజన్ సందడి కోసిగి రైతులకు కొత్తగా చెప్పక్కర్లేదు. మరి యూరప్‌లో పత్తి ఎక్కడ పండుతుందో తెలుసా? యూరోపియన్ యూనియన్ పంటలో దాదాపు 80 శాతం గ్రీసుదే. అక్టోబరు వస్తే థెస్సలీ మైదానంలో చేలన్నీ తెల్లబడతాయి. అక్కడ పత్తిని యంత్రాలు తీస్తాయి, ఇక్కడ ఆడవాళ్ల చేతులు తీస్తాయి.

శ్రావణమాసం మూడో సోమవారం కోడుమూరు కొండ మీద రాళ్లెత్తి తేళ్లు పట్టి, కొండలరాయుడికి సమర్పిస్తారు. ఒంటి మీద పాకించుకునే భక్తులూ ఉన్నారు. ఇంచుమించు అదే రోజుల్లో, ఆగస్టు 15న, కెఫలోనియా దీవిలోని మార్కోపులో అనే ఊళ్లో మేరీమాత పండగ. చిన్న చిన్న పాములు చర్చికి చేరతాయి, జనం వాటిని చేతుల్లోకి తీసుకుంటారు. పాములు రాని ఏడు కీడు జరుగుతుందని అక్కడివాళ్ల నమ్మకం. 1953లో రాలేదంటారు. ఆ ఆగస్టులోనే భూకంపం ఆ దీవిలోని ఊళ్లను నేలమట్టం చేసింది.

పీర్ల పండక్కి మన ఊళ్లలో కులమతాలు చూడకుండా నిప్పుల గుండం తొక్కుతారు. ఉత్తర గ్రీసులోని లంగడాస్‌లో మే 21న సాధువుల పటాలు పట్టుకుని, వాద్యాలకు ఆడుతూ నిప్పుల మీద నడుస్తారు. చర్చి పెద్దలు ఒప్పుకోకపోయినా ఆ ఆచారం ఆగలేదు.

దిష్టి విషయంలో వాళ్లు మనకేమీ తీసిపోరు. పసిబిడ్డను ముద్దుగా ఉందని మెచ్చుకుంటే వెంటనే మూడుసార్లు తూ తూ అంటారు. మనం ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తాం. అక్కడి అవ్వలు నీళ్లలో ఆలివ్ నూనె చుక్క వేసి చూస్తారు. చుక్క చెదిరిపోతే దిష్టి తగిలినట్టే.

క్రీట్ దీవిలో బార్లీ రొట్టెను రెండుసార్లు కాల్చి గట్టిపరుస్తారు. తినేముందు కాస్త తడిపి, టమాటా, జున్ను, ఆలివ్ నూనె వేసుకుంటారు. ఎండు జొన్నరొట్టె మూటగట్టుకుని సుగ్గికి పోయే మనవాళ్లకు ఆ ఉపాయం వెంటనే అర్థమవుతుంది.

సుగ్గి అన్నాను కదా. పనుల్లేక గుంటూరు మిరప చేలకు తరలే కోసిగిలాగే గ్రీసు పల్లెలూ ఖాళీ అయ్యాయి. 1960లో పశ్చిమ జర్మనీతో కూలీల ఒప్పందం కుదిరాక లక్షలమంది ఫ్యాక్టరీ పనులకు వెళ్లిపోయారు. చాలా ఇళ్లలో పిల్లల్ని అవ్వాతాతలే పెంచారు. ఈ రోజు అక్కడ దీవుల అందాలు చూసే యాత్రికులకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. మనకు మాత్రం తెలియాలి.

ఇక అన్నిటికన్నా పెద్ద విశేషం మన జిల్లాలోనే ఉంది. పత్తికొండ-గుత్తి దారిలో ఎర్రగుడి బండల మీద క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు వేయించిన 14 ప్రధాన శాసనాలున్నాయి. మనుషులకూ పశువులకూ వైద్యం, మూలికల మొక్కలు, దారి పక్కన బావులు, చెట్లు ఏర్పాటు చేశానని రెండో శాసనంలో చెప్పుకున్నాడు. తన రాజ్యానికి ఆవల ఆ ఏర్పాట్లు జరిగిన చోట్లలో చోళ, పాండ్య దేశాలతోపాటు అంతియోకుడనే యవనరాజు సీమ పేరూ ఉంది. ఆయన సిరియాను ఏలిన గ్రీకు రాజు రెండో ఆంటియోకస్. అక్కడే ఉన్న చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు సాగుతాయి, చాలు చివర ఎద్దులు మళ్లినట్టు. పాత గ్రీకు శాసనాల్లోనూ ఈ పద్ధతి కనిపిస్తుంది.

కోసిగి నుంచి ఆదోని, పత్తికొండ మీదుగా పోయి రావచ్చు. పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. ఆ బండల మీద మీ పేర్లు మాత్రం చెక్కకండి.